వేడెక్కితే కదలని బండి

అక్టోబర్ 13, సోమవారం

మళ్ళీ అదే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే అందుకుంటుంది. స్టీల్‌ప్లాంట్ షిఫ్టు వాళ్ళని దింపి, గాజువాకలో టీ తాగడానికి ఆపారట మా ఆయన... అంతే. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. నంగనాచి వ్యాను.

నాకు తొమ్మిదో నెల. అమ్మ లేదు కాబట్టి పుట్టింటికి పోయేదీ లేదు. డాక్టరమ్మ ఉండేది ఊరికి ఆ చివర, మద్దిలపాలెంలో. పోయినసారి వెళ్ళేసరికే ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఈసారి నొప్పి తెలియగానే వచ్చెయ్యమంది.

భయంగా ఉంది. ఎవరితో అంటాను—

అక్టోబర్ 14

ఆటో మాట్లాడి ఉంచుదామన్నాను మా ఆయనతో. "మన బండుండగా ఆటో ఏటే? నలుగురూ నవ్వుతారు."

నవ్వనీ.

అక్టోబర్ 16, గురువారం

అన్నయ్య ఆటోనగర్ షెడ్డు నుంచి వచ్చాడు. ఇంజన్‌లోకి తల దూర్చి చాలాసేపు చూశాడు. "ఇక్కడో రేకుండాల బావా. ఏటైంది?"

మా ఆయన నెమ్మదిగా— "పూజకి తీసీసాను బావా. తుప్పు పట్టి అసయ్యంగా ఉంటేనీ."

అదీ సంగతి. దసరాకి ఇంజన్ కడిగి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, తుప్పు రేకుని పాత ఇనుము వాడికిచ్చేశారు. సైలెన్సర్ గొట్టం వేడి పెట్రోల్ పైపుకి తగలకుండా కాసేది ఆ రేకేనట. బండి నడుస్తున్నంతసేపూ ఫర్వాలేదు. ఆపితే పైపులో పెట్రోలు ఆవిరైపోతోంది. దేవుడికి తుప్పు కనబడకూడదని నాకీ తిప్పలు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఆదివారం కొత్త రేకు కోసి బిగించీస్తాను సెల్లీ. అందాకా వేడి మీద ఇంజన్ ఆపొద్దు. ఆగిపోతే పైపు మీద తడిగుడ్డెయ్యండి."

ఆదివారం దాకా ఆగాలి, నేనూ లోపలున్నదీ.

అక్టోబర్ 17

చెప్పాను— ఫోన్ చేస్తే రండి, ఇంజన్ ఆపకండి, తాళం బండికే వదిలేసి పైకి రండి.

"ఎవుడైనా పట్టుకుపోతాడే."

పట్టుకుపోయేవాడు దారిలో టీకి ఆగకుండా ఉండాలి కదా.

అయినా మెట్ల కింద బకెట్లో నీళ్ళూ, పాత తువ్వాలూ పెట్టించాను.

అక్టోబర్ 18, శనివారం

పొద్దున్నుంచి నడుము లాగుతోంది.

మధ్యాహ్నం. నొప్పే. అనుమానం లేదు. ఫోన్ చేశాను. కూర్మన్నపాలెంలో ఉన్నారట. "ఒచ్చేత్తన్నాను, కంగారు పడకు." కంగారంతా ఆయన గొంతులోనే ఉంది. ఇంజన్ ఆపొద్దన్నాను. "నాకు తెలీదేటి."

సంచి సర్దే ఉంది. ఊరికే కూర్చోలేక రాస్తున్నాను. మళ్ళీ వస్తోంది...

తగ్గింది.

హారన్. వచ్చేశారు. కింద బండి గుడగుడలాడుతోంది. ఆ చప్పుడు నాకింత ముద్దుగా ఎప్పుడూ లేదు.

మెట్ల మీద పరుగు. తలుపు తోసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట. "పద, పద" అంటున్నారు.

చేతిలో బండి తాళం ఉంది.