పాత డిస్కులో నా పాస్‌వర్డు

ఏవండీ,

గూడ్సు డ్యూటీ దిగి రాగానే, బూట్లు ఇప్పకముందే ఇది సదవండి. కంప్యూటర్లో పాత డిస్కు పట్టుకెళ్ళడానికి, పాత సామాన్లు కొనే తపన్ దా నాలుగింటికొస్తాడు. అది ఇచ్చేముందు అందులో ఒక ఫైలు తీసెయ్యాలి. నేనే తీసేద్దును గానీ, ఇక్కడ లోడ్‌షెడ్డింగు, అక్కడ నా హౌరా లోకల్‌కి టైమైపోయింది.

నిన్న ఇంటి నుంచి మోడెమ్ మీద ఆఫీసు ప్రోగ్రాములన్నీ దాసుండే సీవీఎస్‌లోకి లాగిన్ అయినాను. ఆ మాయదారిది పాస్‌వర్డుని డిస్కులో ఒక ఫైల్లో రాసుకుని కూకుంటాది. తాళమేసి తాళంసెవి గుమ్మానికే తగిలించినట్టు. అది ఎవడి సేతిలో పడినా నా పేరు మీద ఆఫీసు ప్రోగ్రాములన్నీ మార్చేయొచ్చు. నేను కాదంటే ఎవరు నమ్ముతారు?

కరెంటు రాగానే కంప్యూటర్ ఆన్ సేసి, పేరు swarna అని, పాస్‌వర్డు seppaku అని కొట్టండి. తర్వాత ఆ ఫైలు పోడానికి అచ్చం ఇలాగే కొట్టి ఎంటర్ నొక్కండి:

rm .cvspass

మధ్యలో చుక్క మరిసిపోకండి. కరెంటు రాకపోతే డిస్కు ఇవ్వకండి, రేపు రమ్మని, తపన్ దాకి వాళ్ళ బెంగాలీలోనే "కాల్ ఆసున్" అని సెప్పి పంపించీండి.

అవును, పాస్‌వర్డు మీ మాటే. ఏటి పెట్టమంటారని అడిగితే, బూట్లేసుకుంటా "నాకు సెప్పకు" అని కసిరినారు. కోపమొచ్చి అదే పెట్టినాను. ఆఫీసుదీ అదే. ఏడాదిగా రోజూ మీ కసురే కొట్టి లోపలికెల్తన్నాను.

సేపల పులుసు మూతేసి ఉంచినాను.

స్వర్ణ

ఈ చీటీ పొయ్యిలో పడేయండి. సెప్పేసినాను గదా, రేపెలాగూ మార్చాలి. ఈపాలైనా మంచి మాటొకటి సెప్పండి.