డ్రిప్పు మాని మాత్రలు

చెల్లాయ్, కంగారుపడకు, తింటున్నాను, తిరుగుతున్నాను.

ఇన్నాళ్లూ ఎక్కించిన డ్రిప్పు మందుకు జబ్బు లొంగడం లేదట. కాలేయంలో గడ్డలు పెరిగాయి. డాక్టరమ్మ మాత్రలకు మార్చింది. ఇవి జబ్బును తీసెయ్యవు, కొన్నాళ్లు ఆపి ఉంచుతాయి, అంతే. వాంతులు తగ్గాయి గానీ అరచేతులు ఎర్రబడి పొరలు ఊడుతున్నాయి.

నిన్న మన మాస్టారు దుకాణానికి వచ్చి, గడ్డం నేనే గీయాలని పట్టుబట్టారు. రబ్బరు తొడుగులు వేసుకున్నాను.

“గడ్డం గీస్తావా, ఆపరేషన్ చేస్తావా?” అన్నారు.

ఒక చెంప అయ్యాక కత్తి చేతిలోంచి జారి కింద పడింది. రెండో చెంప మీ వదిన తమ్ముడికి అప్పగించాను. మాస్టారు కళ్లు మూసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నారు. ఇక కత్తి పని అతనిదే. వచ్చినవాళ్లతో కబుర్లు నావి.

అరికాళ్లూ మండుతున్నాయి. మెత్తటి నూలు మేజోళ్లు పంపు. మీ పైకప్పు కురవడం ఆగిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? పిల్లలకు నా దీవెనలు.

అమ్మకు ఈ కార్డు చదివి వినిపించకు, పక్కన కూర్చుని చెప్పు. డ్రిప్పు మానేశారంటే నయమైనట్టే కదా అని అడుగుతుంది. కాదని చెప్పు. మెల్లగా చెప్పు, కానీ చెప్పు.

మీ అన్నయ్య