ఫాదర్ గారి అంగీ విన్న పాపాలు

ఫాదర్ వెనియమిన్ గారికి నమస్కరించి,

మీరు పట్నం వెళ్తూ ఉతకమని ఇచ్చిన నల్ల అంగీకి చేతుల గుండా కర్ర దూర్చి మంచులో ఆరేశాను. అది గడ్డకట్టి, చేతులు చాచి అచ్చం మీలాగే నిలబడింది. చూపు ఆనని గ్లఫీరా పెద్దమ్మ మీరే అనుకుని, దాని ముందు తలవంచి పాపాలన్నీ చెప్పేసుకుంది. నేను పరుగెత్తుకెళ్లేసరికే అయిపోయింది. నా కోడిపెట్ట సంగతి తప్ప ఇంకేమీ వినలేదు.

"చూశావా అమ్మాయ్, ఈసారి ఒక్క మాట తిట్టలేదు! ఎప్పుడూ దగ్గుతూ తొందరపెట్టే మనిషి!" అని మురిసిపోయింది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పాపాలు చెప్పేసుకున్నాను కదా, ఇక ఆదివారం పూజలో సత్ప్రసాదం తీసుకుంటానంటోంది. ఆ ఒప్పుకోలు చెల్లుతుందా ఫాదర్? చెల్లకపోతే శనివారానికే వచ్చేయండి. మరిచిపోయిన పాపాలేమైనా ఉన్నాయేమోనని చెప్పి పెద్దమ్మను మళ్లీ తీసుకొస్తాను. మీరు ఆ అంగీయే వేసుకుని, చేతులు చాచి, కదలకుండా నిలబడండి. దయచేసి దగ్గకండి.

మీ దీవెన కోరుతూ,
గుడి బట్టలు ఉతికే మనిషి