నీకే చెందిన పేరు, ఉస్తాద్

బిడ్డా రజితా,

సిరిసిల్లలో ఎవరి మరమగ్గం సాంచ ఆగినా, బాగుచేయడానికి నిన్నే "ఉస్తాద్" అని పిలిచేవారు. ఆ పిలుపు ఓర్వలేకనే కదా నీ మొగుడు పానాతో తల పగలగొట్టి నిన్ను చంపాడు.

ఈరోజు వాడు బెయిలు మీద వచ్చాడు. నేను కూర్చున్న చాయ్ హోటల్లోనే ఎవరో వాణ్ణి, "రా ఉస్తాద్, కూసో" అన్నారు. పొయ్యి మీది చాయ్ గిన్నె ఎత్తి వాడి మొహాన గుమ్మరించాను.

"గిదేందమ్మా!" అని అరిచాడు హోటల్ ఖాదర్ భాయ్.

"భాయ్, ఉస్తాద్ అంటే ఏంది?"

"ఫార్సీ మాటమ్మా, ఉర్దూలకెల్లి మనకచ్చింది. పని నేర్పేటోళ్లను గట్లంటరు."

కింద పొర్లుతున్న వాణ్ణి జుట్టు పట్టి లేపాను.

"నీకు సాంచ పని ఎవలు నేర్పిండ్రురా?"

వాడు ఏడుస్తూ నీ పేరు చెప్పాడు. హోటలంతా వినేదాకా మళ్లీ మళ్లీ చెప్పించాను, బిడ్డా.