పెద్దన్నయ్య చేతికర్ర

రతిద్జో వదినా,

కోళ్లకు గింజలు వేశాను. చిన్నదాని జావ పొయ్యి మీద ఉంది, చల్లారకముందే తాగించు. రేపటి సంవత్సరీకానికి రాగి బీరు వడకట్టాలని నన్ను ఊరికి రమ్మన్నారు. మొదటి బస్సుకే పోతున్నాను.

రేపు పెద్దలు చనిపోయిన పెద్దన్నయ్య చేతికర్ర నీకిచ్చి, మా మగవాళ్ల ముందు నిలబెడతారు. ఎవరి చేతిలో పెడితే వాడే ఇక నీ మొగుడు. చిన్నన్నయ్య గ్విన్యాయి కొత్త చొక్కా కుట్టించుకుని మరీ కాచుకున్నాడు. "ఇల్లూ నాదే, ఇల్లాలూ నాదే" అని నిన్న నా ముందే నవ్వాడు. భయపడి వాడికి ఇచ్చెయ్యకు. కింద పెట్టావో, చచ్చినవాణ్ణి పారేసిందంటారు. ఆడబిడ్డనైన నాకిస్తే మాత్రం మా వాళ్లెవరినీ నువ్వు కట్టుకోనక్కర్లేదు. నేను తలుపు పక్కన చాప మీద కూర్చుంటాను, నేరుగా నా దగ్గరికి రా. ఆ తర్వాత మా వాళ్లు నన్ను పుట్టింటి గడప తొక్కనివ్వరు. అది నేను చూసుకుంటాను.

బస్సు డ్రైవర్ ముఫారో సంగతి నాకు తెలుసు. మంచివాడే. కానీ ఆ మాట నాకు టమాటాలమ్మే మనిషి చెప్పాలా? ఇన్నేళ్లు ఒకే పళ్లెంలో తిన్నాం కదా.

చెనాయి

కర్ర ఇచ్చేటప్పుడు నా మొహం చూడకు. అది మా అన్న పట్టుకున్న కర్ర. చేతికి రాగానే ఏడుస్తాను. చూశావంటే నువ్వు మనసు మార్చుకుంటావు.