ఆ బంగళాకి ఓణీ పంపకు

అమెరికా, క్యారీ ఊరి నుంచి

తమ్ముడు సుబ్బారావుని అక్క వెంకాయమ్మ దీవించి రాయిస్తున్నది. నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళ సంగతి ఎప్పుడూ ఉండేదే.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. పప్పూ అన్నం దొరుకుతాయి, మాట్లాడే మనిషే దొరకదు. పక్కింటి రూతమ్మే నాకు తోడు. నా ఈడుదే, నల్లజాతి మనిషి. మా మాటలు ఒకరివొకరికి మనవరాలే చెబుతుంది.

ఇది రాస్తున్నది నీ మేనకోడలు పద్మే. దాని మీద ఫిర్యాదు దానిచేతే రాయిస్తున్నాను.

పిల్ల ఓణీల ఫంక్షన్‌కి ఎప్పటిదో పత్తి దొరగారి బంగళా బుక్ చేసింది. "తెల్ల స్తంభాలమ్మా, ఫోటోలు బాగొస్తాయి" అంది. రూతమ్మకి కార్డిచ్చాను. దాని మీద బంగళా బొమ్మ చూసి కార్డు బోర్లించింది. వాళ్ళ అమ్మమ్మకి అమ్మమ్మని ఆ బంగళా మెట్ల దగ్గరే అమ్మారట. తల్లినొకడు, చంకలో బిడ్డనొకడు కొనుక్కుపోయారట. ఆఫ్రికా నుంచి గొలుసులేసి ఓడల్లో తెచ్చినవాళ్ళ సంతతి. తమది ఏ ఊరో, ఏ భాషో ఇవాళ్టికీ తెలీదు. "మరి ఇంటిపేరో?" అన్నాను. "కొన్నవాడిది" అంది.

పిల్ల స్కూలు పుస్తకం చదివి చెప్పింది. ఆఫ్రికాలో తుపాకులూ, సారా, గుడ్డలూ ఇచ్చి మనుషుల్ని కొన్నారట. "ఆ గుడ్డల్లో మన సముద్రం వైపువీ ఉన్నాయి అమ్మమ్మా" అంది. మన తాతలు మగ్గం గుంటలో నడుం పడిపోయేలా నేసి, బందరులో ఓడెక్కిందని మురిసిన గుడ్డ ఎవరి బిడ్డకి మారకమైందో!

"ఎప్పటి సంగతో, కార్డులు పంచేశాం, అందరూ అక్కడే చేసుకుంటున్నారు" అంటుంది పద్మ. అందరూ తొక్కితే ఆ మెట్లు నేనూ తొక్కాలా? అరిచే ఓపిక లేదు. అలిసిపోయాను.

దీనికి అన్నదమ్ములు లేరు, మేనమామ ఓణీ పెట్టాల్సింది నువ్వే. అది లేనిదే ఫంక్షన్ చెయ్యదు, ఆ మాత్రం భయం ఉంది. నీ మగ్గం మీదున్న ఓణీ కొయ్యకు. చోటు మార్చానని పద్మ తన నోటితో చెప్పేదాకా కొయ్యకు. ఇక్కడ పద్మ కలం ఆపింది. "రాయవే" అన్నాను. రాసింది.

పిన్నమ్మకి నా దణ్ణాలు చెప్పు. నా గురించి బెంగపడకు, బాగానే ఉన్నాను.

ఇట్లు
నీ అక్క వెంకాయమ్మ, వేలిముద్ర

మామయ్యా, ఓణీ కొయ్యకు. వేరే చోటు చూస్తున్నాను.
పద్మ