అప్పన్నకు ఇవ్వలేకపోయిన జుట్టు

నూకాలూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పోట్లాడే మనిషి లేక నా నోరు తుప్పు పట్టింది. అయినా ఒక సంగతి నీకు చెప్పి తీరాలి.

మన చిన్నదాని తలలోనూ నీకులాగే గుండ్రంగా జుట్టు ఊడింది. "అమ్మ మొక్కు తీర్చలేదని అప్పన్న నా మీద గుస్సా అయినాడేటి నాన్నా?" అని ఏడ్చింది. సింహాచలం వెళ్లి తలనీలాలు ఇస్తానని నువ్వు మొక్కుకున్నావు. ఈ దీవి నుంచి వైజాగ్ ఓడకు టికెట్ దొరికేలోపే నీ జుట్టంతా రాలిపోయింది. దేవుడే కోపంతో లాగేసుకున్నాడని నువ్వు కుమిలిపోవడం అది చూసింది కదా.

డిగ్లీపూర్ నుంచి బస్సులో పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. దాని తల మీంచి చిటికెడు చర్మం తీసి పరీక్ష చేశారు. డాక్టరమ్మ నన్నూ మైక్రోస్కోపులో చూడనిచ్చింది. చేప తలకు ఈగలు ముసిరినట్టు, వెంట్రుక కుదురు చుట్టూ ఊదారంగు చుక్కలు.

"ఒంటికి కాపలా కాసే కణాలే పొరబడి దీని మీద పడ్డాయి భయ్యా. కుదురు చావలేదు, నిద్రపోతోంది. జుట్టు మళ్లీ రావచ్చు. మొదట్లో తెల్లగా వస్తుంది."

"మరి నా బట్టతల సంగతి?"

"మీ కుదుళ్లు ఏళ్ల తరబడి చిక్కిపోయాయి. వాటి మీద ఆశ వదిలెయ్యండి."

చిన్నది నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆఖరి రోజున, జ్వరంతో కాలుతున్న నీ తల నా ఒళ్లో ఉన్నప్పుడు అరచేతికి మెత్తగా తెల్లని నూగు తగిలింది. ముసలితనం అనుకున్నాను. నువ్వు బాధపడతావని చెప్పలేదు. బతుకంతా నిన్ను ఏడిపించినవాణ్ణి, నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

అది కొత్త జుట్టు, నూకాలూ.